ఏటి పాట

కథలోకి వెళ్ళే ముందు ఒక మాట నేర్చుకుందాం. ఏటి. మా శ్రీకాకుళం వైపు 'ఏమిటి' అనడానికి 'ఏటి' అంటాం. "ఏటి కూర?" అంటే ఈ పూట ఏం కూర వండావని అడగడం. గుంటూరు వైపు వాళ్ళకి అదే మాట చెవిన పడితే ఏరు గుర్తొస్తుంది: ఏటి గట్టు, ఏటి ఇసుక, ఏటి నీళ్ళు. రెండూ మంచి తెలుగే. ఈ తేడా గుర్తుంటే చాలు, మా జగన్నాధం కోతలన్నీ మీకు అర్థమవుతాయి. నమ్మాలా వద్దా అన్నది నేను నేర్పే పాఠం కాదు.

జగన్నాధం మా చెల్లెలు దాలమ్మ భర్త. కోటబొమ్మాళిలో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ ఒకటే గోడ. సాయంత్రం ఎండ తగ్గగానే మా అరుగు మీదికి వచ్చి కూర్చుంటాడు. ఒకప్పుడు స్టేషన్ రోడ్డులో అతనికి కేసెట్ల షాపు ఉండేది. ఈ తరం పిల్లలకి తెలియదు కాబట్టి చెబుతున్నాను: అప్పట్లో పాట కావాలంటే ఫోను నొక్కితే వచ్చేది కాదు. ఖాళీ కేసెట్టు పట్టుకెళ్ళి, ఏయే పాటలు కావాలో చెప్పి, షాపువాడు అవన్నీ ఎక్కించి ఇచ్చేదాకా ఆగాలి. జగన్నాధం దగ్గర ఇంకో చిక్కు కూడా ఉండేది. మీరడిగిన పాట అతనికి నచ్చకపోతే, దాని బదులు తనకి నచ్చింది ఎక్కించేవాడు. ఇంటికెళ్ళి విన్నాక గాని తెలిసేది కాదు. ఆ షాపు పోయి అందులో చెప్పుల దుకాణం వచ్చి చాలా కాలమైంది. పాటల మీద తీర్పు చెప్పే అలవాటు మాత్రం అతన్ని వదల్లేదు.

ఆ రోజు గొడవ తులసి పాట గురించి. తులసి అంటే జగన్నాధం మనవరాలు, టెక్కలిలో డిగ్రీ చదువుతోంది. స్నేహితులతో కలిసి ఒక పాట తయారుచేసి ఫోన్లలో వదిలింది. "సూడు సూడు సూరీడు, సాపకింద దూరీడు" అని పల్లవి. పొద్దెక్కినా లేవని బద్ధకపు పిల్ల పాట అది. కిటికీలోంచి ఎండ వచ్చి చాప కిందికి కూడా దూరిపోయింది, ఇక లేవక తప్పదు అని అర్థం. 'దూరాడు' అని ఉండాలి గాని, సూరీడుతో జత కుదరడానికి దూరీడు అయ్యాడు. నేనైతే దానికి మార్కు తగ్గించను. ఆ పాట మా వైపు ఆటోలన్నిట్లో మోగుతోంది. విశాఖపట్నంలో పాటలు రికార్డు చేసేవాళ్ళు విని, ఆదివారం వచ్చి ఇంకో పాట పాడమన్నారు. రాకపోతే వేరే అమ్మాయి చేత పాడిస్తామని కూడా చెప్పారు. వాళ్ళ నాన్న "తాత సరేనంటే ఎల్లు" అన్నాడు. తాత సరేననలేదు. "మా ఇంట్లో పాట తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే, ఇది పాట కాదు" అన్నాడు.

మధ్యాహ్నం తులసి మా వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "మామ్మా, నువ్వు సెప్పు తాతకి. నువ్వు సెప్తే ఇంటాడు," అంది. జగన్నాధం చెబితే వినే మనిషి కాదని నాకు తెలుసు. తరగతిలో మొండి పిల్లవాడిని మధ్యలో ఆపితే ఇంకా బిగుస్తాడు. వాడి చేతే పూర్తిగా చెప్పించాలి. ఎక్కడ తప్పో వాడికే దొరుకుతుంది. "సాయంత్రం దాకా ఓపిక పట్టు," అన్నాను.

సాయంత్రం అరుగు మీద నలుగురం చేరాం. నేను, పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న సూరయ్య, రైల్వేలో రిటైరైన నరసింగరావు, జగన్నాధం. దాలమ్మ గుమ్మంలో కూర్చుని ములగాకు దూస్తోంది. అప్పుడే వీధిలోంచి ఒక ఆటో పోయింది, తులసి పాట మోగించుకుంటూ. జగన్నాధం చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఇన్నారా? ఇది పాటా? డబ్బాలో గులకరాళ్ళేసి ఊపినట్టున్నాది. నాలుగు ముక్కలు, అవే తిప్పి తిప్పి అనడం. ఆ గొంతుకి ఇస్త్రీ ఎట్టీడం ఒకటి. ముడత నేని గొంతు గొంతేటి? మా కాలంలో పాడీవోడికి జలుబు సేస్తే జలుబు కూడా ఇనిపించీది, అది నిజం గొంతు."

"పాడింది నీ మనవరాలే కదా మావ," అన్నాడు సూరయ్య.

"అయితే ఏటి? మనవరాలు కూరలో ఉప్పెక్కువేస్తే బాగుందని లొట్టలేసుకుని తింటానా? పాటంటే ఏటో సెప్తాను ఇనండి. వదినా, నువ్వూ ఇను, ఇది నీ బళ్ళో సెప్పనిది. మనిషిని నిద్దట్లోంచి నేపి పాడరా అంటే, ఆలోసించకండా నోట్లోంచి ఏది వస్తాదో అదీ పాట. మిగతాదంతా సప్పుడు. పాత పాట పనసపాలు లాంటిది, ఒకపాలి అంటుకుంటే నూనె రాసినా పోదు. ఈ కాలప్పాట సబ్బు నురగ. పొద్దున్న ఇంటే సాయంత్రానికుండదు. దీని పాటే సూడండి. సూరీడు బుట్టకిందో మంచంకిందో ఎక్కడికో ఎల్లిపోనాడు. నా బుర్రలో నిలవనే నేదు."

"సాపకింద," అంది దాలమ్మ తలెత్తకుండా.

"ఏదో కింద. సూరీడుకి సాపకింద ఏటి పని? వదినా, సైన్సు పుస్తకంలో ఉందా ఇది? ఇంక నన్ను అడక్కండి. ఈ కాలప్పాట ఒక్క ముక్క, ఒక్కటంటే ఒక్కటి, నా నోటంట వచ్చిందా, ఆదివారం నేనే దాన్ని నా స్కూటర్ మీద ఎక్కించుకుని ఇశాపట్నంలో దింపుతాను. రాదు కాబట్టి దింపను. అయిపోనాది."

"ఆ స్కూటరు ఊరు దాటదు," అంది దాలమ్మ.

లోపల గడప దగ్గర తులసి నీడ కనిపించింది. నేను కావాలనే అడిగాను. "అయితే జగన్నాధం, మీ కాలంలో అంత గొప్ప పాట ఏదైనా ఉంటే చెప్పు. మేమూ తెలుసుకుంటాం."

అతను కండువా సర్దుకుని గోడకి ఆనుకున్నాడు. ఇక అక్కడినుంచి మాట అతనిదే.

"వదినా, గొప్పలు సెప్పుకోడం నాకు సేతకాదు, ఉన్నది ఉన్నట్టు సెప్తాను. ఆ రోజుల్లో ఒక్కపాలి ఇన్నానంటే పాట ఆడతాదో ఆడదో సెప్పీగలను. అంతే, అదేమంత పెద్ద ఇద్దె కాదు. కొత్త కేసెట్టు రాగానే షాపు తలుపులు బార్లా తీసి ఏసీవోణ్ణి. అటుపక్క పోయీ రిక్షావోడు రైలు గేటు దాకా ఎల్లీసరికి ఆ పాట ఈల ఏసినాడా, కేసెట్టు ఉంచీవోణ్ణి. ఎయ్యనేదా, మద్రాసుకి తిరుగు టపాలో పంపించీడమే. అక్కడ ఎంతమంది కూకుని ఎన్ని పాటలు కట్టినా, ఈ జిల్లాలో ఏది ఇనాలో ఏది ఇనకూడదో తేల్సీవోణ్ణి నేను."

"అది నిజమే," అన్నాడు సూరయ్య. "నా పెళ్ళి ఊరేగింపుకి నేనడిగిన పాట ఒకటీ ఎక్కించనేదు."

"నువ్వడిగినయి ఎక్కిస్తే పెళ్ళికూతురు సగం దారిలో పల్లకీ దిగి ఎల్లిపోయీది. నీ కాపరం నిలబెట్టినాను, దండం పెట్టుకో. సరే, ఇనండి. ఒకరోజు షాపుకి కొత్త మనిషొకడు వచ్చినాడు. గుంటూరు వైపు నించి మన బేంకుకి బదిలీ మీద వచ్చినాడట, తెల్ల సొక్కా, సేతిలో ఖాళీ కేసెట్టు. 'ఏమండీ, మీ ఊళ్ళో బాగా ఆడుతున్న ఏటి పాట ఉంది కదా, అది ఎక్కించి ఇవ్వండి' అన్నాడు. నాకు బుర్ర తిరిగిపోనాది. ఏటి పాటేటి? ఆడే సెప్పినాడు. 'టీ కొట్టు కాడ రేడియో మోగితే ఏటి పాట అంటున్నారు, బస్సులో పాటేస్తే వెనకనుంచి ఏటి పాట అంటున్నారు, పెళ్ళి బేండు వచ్చినా ఏటి పాట అంటున్నారు. ఇంత పేరున్న పాట నేను వినలేదంటే నాకే సిగ్గుగా ఉంది' అన్నాడు."

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, మొదట నేర్చుకున్న మాట గుర్తుచేసుకోండి. మనవాళ్ళు "ఇదేం పాట?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. పాపం ఆ బ్యాంకు ఆయన, ఏరు మీద కట్టిన పాట ఒకటి ఊరంతా పాకిపోయిందనుకున్నాడు. ఇంతవరకు నిజమే. ఆయన మా బడికి కూడా వచ్చి అడిగాడు. నేను ఉన్న సంగతి చెప్పి, నవ్వుకుంటూ పంపించాను. జగన్నాధం చెప్పలేదు.

"పాట నేదని సెప్పీవలసింది," అన్నాడు నరసింగరావు.

"నేదంటానా? జగన్నాధం షాపులో నేని పాటొకటుందని గుంటూరు దాకా తెలిస్తే నేను తలెత్తుకోగలనా? 'ఉన్నాది, రేపు రండి' అనీసినాను. ఆ తరవాత ఏటైందో తెలుసా? షాపు కట్టీసి, టేపురికార్డరు సంకలో పెట్టుకుని తిన్నగా వంశధారకి ఎల్లిపోనాను. పీకల్దాకా నీట్లో కూకున్నాను. టేపురికార్డరు నెత్తి మీద. పొద్దు గూకీవేళకి ఏరు గొంతు సవరించుకుంది. నిజం వదినా, ఏరు కూడా గొంతు సవరించుకుంటాది, మనం ఇనం గానీ. అప్పుడొచ్చింది ట్యూను. నాకెందుకు అబద్ధం, నా ట్యూను కాదది, ఏటిదే. నేను గొంతిచ్చినాను, అంతే."

దాలమ్మ చేతిలో ములగరెమ్మ ఆగింది. "నీ గొంతా? ముగ్గురు పిల్లలు పుట్టినారు. ఒక్కడికీ జోల పాడనేదు."

"దాసుకున్నాను. అంత గొంతు ఇంట్లో వాడీస్తే అరిగిపోదేటి? ఇనండి. మర్నాడు ఆ బేంకాయన కేసెట్టు పట్టుకెళ్ళి బేంకులోనే ఏసినాడట. మేనేజరు జెండా పాటనుకుని లేసి నిలబడిపోనాడు. గుమాస్తాలు నిలబడిపోనారు. సాయంత్రం దాకా బేంకులో ఒక్కడు కూకోనేదు. అక్కడినించి సాలూరు లారీ డ్రైవరొకడు కాపీ పట్టుకెళ్ళినాడు. సాలూరంటే లారీలకి పుట్టిల్లు కదా. ఆడు బెల్లం లోడేసుకుని కొండ మీది ఘాటీ రోడ్డు ఎక్కతూ పాటేసినాడు. పల్లవి ఎత్తుకున్నకాడ ఇంజను ఆగిపోనాది. లారీ ఆగిందా?"

"ఆగే ఉంటాది," అన్నాడు సూరయ్య.

"ఆగనేదు. ఇంజను నేకండా ఘాటీ ఎక్కీసినాది. మలుపు కాడ లారీయే హారన్ కొట్టుకుంది, అదీ తాళంలో. ఆ తరవాత సాలూరు డ్రైవర్లు డీజిలు కొట్టించడం ఒగ్గీసి నా షాపు ముందు లైను కట్టినారు. ఆడు రాయపూరు నించి తిరిగొచ్చీసరికి దారంతా ఒడియావోళ్ళు ఏటి పాట పాడతన్నారు. ఒక్క తెలుగు ముక్క రాదు ఆళ్ళకి. అదీ పాటంటే. ఇప్పటి పాట పాడినోడికే అర్థం కాదు, ఇంక ఒడియావోడికేటి అర్థమవుతాది."

"మరి మద్రాసువోళ్ళకి తెల్దా?" అని అడిగాడు నరసింగరావు. ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు జగన్నాధం అతని వైపు తిరిగాడు.

"తెల్దేటి? సంగీతం కట్టీ పెద్దాయన, పేరు సెప్పకూడదు, మెయిలెక్కి వచ్చినాడు. మెయిలు మన స్టేషన్లో ఆగదు. ఆ రోజు ఆగింది."

"ఆగనేదు బావ. నా సర్వీసంతా ఆ స్టేషన్లోనే. మెయిలు ఒక్కనాడూ ఆగనేదు."

"నువ్వప్పుడు భోజనానికెల్లినావు. నువ్వు కేరేజీ ఇప్పితే గూడ్సులు దాటిపోయినా తెల్దు, మెయిలేటి తెలుస్తాది. సిగ్నలు పచ్చగా ఉన్నా సరే, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నానని సూసి డ్రైవరు ఆపీసినాడు. పెద్దాయన దిగి నా కాళ్ళ మీద పడబోనాడు. వయసులో పెద్దోడు కదా, రెక్కట్టుకుని నేపినాను. 'జగన్నాధం గారూ, ఏటి పాట నాకు ఇచ్చీండి' అన్నాడు. 'మీ పాటల్లో ఒకటో రెండో నాకు నచ్చినాయి, మిగతాయి నచ్చనేదు, ఇయ్యలేను' అన్నాను. ఏడుస్తూ ఎల్లిపోనాడు. ఆ ఏడుపులో ట్యూను కట్టినాడు, అదీ బాగానే ఆడింది. ఇప్పుడు కట్టీవోళ్ళకి ఏడుపూ రాదు, ట్యూనూ రాదు. మిషను ఏడుస్తాది, మిషనే నవ్వతాది."

తులసి నీడ గడప దగ్గర కదిలింది. ఇంకాస్త ఆగమని చెయ్యి ఊపాను.

"ఆ తరవాత ఏటైందో తెలుసా? భావనపాడు రేవులో నూకయ్య అని జాలరోడు, పడవలో నా కేసెట్టు ఏసినాడు. వల ఇప్పనే నేదు. సేపలే ఒడ్డుకొచ్చి వరసగా పడుకున్నాయి. పెద్దవి ముందు, సిన్నవి ఎనక, వదిన బళ్ళో ప్రార్థన లాగ."

"ప్రార్థనలో చిన్నవాళ్ళు ముందుంటారు జగన్నాధం. లేకపోతే వాళ్ళకి కనపడదు."

"సేపలకి బడేటి వదినా, ఎలగ తెలుస్తాది. అసలు సంగతి ఇంకా సెప్పనేదు. తుపానొచ్చినాది. కొబ్బరిసెట్లు నేలకి ముద్దెడతన్నాయి, రేకులు గాల్లో ఎగురుతన్నాయి. అందరూ బళ్ళో దూరి తలుపులేసుకున్నారు. నేనొక్కణ్ణి ఎల్లి పంచాయితీ మైకులో ఏటి పాట ఏసినాను. గాలి నిలబడిపోనాది. ఉన్నకాడే నిలబడి ఇన్నాది. పల్లవి ఇన్నాది, సరణం ఇన్నాది, ఇంకోపాలి ఎయ్యమన్నాది, ఏసినాను. సల్లగా తోక ముడుసుకుని సముద్రంలోకి ఎల్లిపోనాది. ఇదే ఇప్పటి పాట ఏసుంటే, సిరాకెత్తి ఇంకో రెండు తుపాన్లని ఎంటబెట్టుకొచ్చీది."

"నేను బళ్ళోనే ఉన్నాను," అంది దాలమ్మ. "నువ్వు నా పక్కనే గోనె కప్పుకుని తొంగున్నావు."

"అది నా సొక్కా. ఆరబెట్టినాను." అతను ఆగలేదు. "ఎందుకు సెప్తన్నానంటే, ఈ మాట ఇంకా బయటికి పోనివ్వకండి. భోగాపురంలో ఇమానాల స్టేషన్ ఉన్నాది కదా. ఆళ్ళు మొన్న ఫోను సేసినారు. ఇమానం దిగీటప్పుడు సక్రాలు అక్కర్నేదు, బ్రేకులు అక్కర్నేదు, జగన్నాధం గారి ఏటి పాట ఏసీస్తే అదే వచ్చి పిట్టలాగ వాలిపోతాది అని ఆళ్ళ ఇంజనీర్లు తేల్సినారట."

"ఇస్తన్నావా మరి?" అన్నాడు సూరయ్య.

"అదే ఆలోసిస్తన్నాను. నా పాట అయిపోయాక ఆళ్ళు ఈ కాలప్పాట ఏదో ఏసీస్తారని నా బెంగ. ఇమానం బెదిరిపోయి మళ్ళీ పైకెల్లిపోతాది. దిగాల్సినోళ్ళు దిగకండా ఉండిపోతారు."

అని టీ గ్లాసు అందుకున్నాడు. కథ పూర్తయిందనుకున్నాడు. నేను కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నాను.

"ఆ కేసెట్టు ఇప్పుడెక్కడుంది జగన్నాధం?"

"తుపాను పట్టుకుపోనాది వదినా. అంత బాగా నచ్చింది దానికి, ఊరికే ఎల్తాదా?"

"పోతే పోయింది. ఒక్కసారి వెనక్కి వెళ్దాం. పాటంటే ఏమిటో నువ్వే చెప్పావు. ఆలోచించకుండా నోట్లోంచి వచ్చేదే పాట అన్నావు. పనసపాలు లాగ అంటుకుంటుంది అన్నావు. పాడినవాడివి నువ్వే. కేసెట్టుతో పనేముంది? పల్లవి ఒక్కటి అను."

జగన్నాధం టీ తాగాడు. గ్లాసులో ఏమీ లేకపోయినా ఇంకోసారి తాగాడు. గొంతు బాగోలేదన్నాడు. దాలమ్మ లేచి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి ముందు పెట్టింది. శ్రుతి లేదన్నాడు. నరసింగరావు పెదాలు బిగించి రైలు కూతలా సన్నగా "ఊ" అని పట్టుకున్నాడు. తాళం లేదన్నాడు. సూరయ్య స్టీలు గ్లాసు బోర్లించి వేళ్ళతో మెల్లగా కొట్టడం మొదలుపెట్టాడు.

"ఆలోచించకు," అన్నాను నేను. "నువ్వు చెప్పినట్టే. ఆలోచించకుండా."

ఇక తప్పదని కళ్ళు మూసుకున్నాడు. ముందు మాటలు లేవు. "తాన తాన తాననా" అని సన్నగా ఎత్తుకున్నాడు. నిజం చెప్పాలి, గొంతు బాగుంది. కాస్త బొంగురు, అయినా నిండుగా ఉంది. దాలమ్మ ఆకు దూయడం మానేసి భర్త ముఖంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి ఆ గొంతు మొదటిసారి వింటోంది. ఆ చూపు తగిలిందో ఏమో, అతని ముఖం విచ్చుకుంది. రెండోసారి ఇంకాస్త గట్టిగా ఎత్తుకున్నాడు. సూరయ్య వేళ్ళు జోరందుకున్నాయి. జగన్నాధం తొడ మీద చెయ్యి వేసుకుని, తల ఊపుతూ, మూడోసారి తాన తాన అంటూ పైకి వెళ్ళి, అక్కడినుంచి హాయిగా కిందికి దిగుతూ,

"సాపకింద దూరీడు," అన్నాడు.

కళ్ళు తెరిచాడు. సూరయ్య వేళ్ళు గ్లాసు మీదే ఉండిపోయాయి. గడప లోపల తులసి చున్నీతో నోరు మూసుకుంది. వీధిలో పోతున్న సైకిలాయన ఒకడు, ఏమీ తెలియకుండానే, "సూడు సూడు సూరీడు" అని అందుకుని వెళ్ళిపోయాడు.

జగన్నాధం కండువా తీసి మెడ తుడుచుకున్నాడు. "అదే సెప్తన్నాను," అన్నాడు మెల్లగా. "ఆ ముక్క ఏటి పాటలోదే. ఈ తులసి గుంట అక్కడినించి ఎత్తీసింది."

"ఎత్తీసిందో, దింపీసిందో, నీ నోట్లోంచి ఊడిపడింది," అంది దాలమ్మ. ములగాకు చేటలోకి దులిపి, కాడలు పక్కకి నెట్టి, లోపలికి తిరిగి, "తులసీ, ఆదివారానికి బట్టలు సర్దుకోయే," అని కేకేసింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"స్కూటరొద్దులే. మెయిలెక్కించి తీసుకెల్లు. నిన్ను సూస్తే ఆగుతాది కదా."